ముళ్ళలంక, రాజుగారి ఊరు: డబ్లిన్ తీరంలో పేర్ల కథ

ఐర్లండ్ రాజధాని డబ్లిన్ నడిబొడ్డున డార్ట్ అనే లోకల్ రైలెక్కి దక్షిణానికి వెళ్తే, కాసేపటికే ఎడమ కిటికీ నిండా సముద్రం వచ్చేస్తుంది. అరగంట లోపే ఒక పెద్ద స్టేషన్. బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటే ‘డన్ లావోఘైర్’ అనిపిస్తుంది. ఉద్యోగానికో చదువుకో కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారం అలాగే అంటారు. ఊరివాళ్ళు మాత్రం ‘డన్ లీరీ’ అంటారు. రెండో ముక్కలో తొమ్మిది రోమన్ అక్షరాలున్నా నోట్లోంచి వచ్చేది రెండే చప్పుళ్ళు: లీ, రీ. మధ్యలో ఉన్న జి, హెచ్ ఒకప్పుడు పలికేవే, తర్వాత మూగపోయాయి. తెలుగు లిపిలో ఈ గొడవ లేదు, విన్నది విన్నట్టు రాసుకోవచ్చు. ఈ తీరం పేర్లను అర్థం చేసుకోవడానికి అదే మంచి పద్ధతి కూడా. ఇక్కడి పేర్లలో సగానికి సగం ఒక భాషవాడు పలికింది ఇంకో భాషవాడి చెవిన పడి తయారైనవే.

‘డూన్’ అంటే ఐరిష్‌లో కోట. లీరే అనేది 5వ శతాబ్దానికి చెందినవాడని చెప్పే ఒక రాజు పేరు. అంటే లీరే కోట. మన రాయదుర్గం, కళ్యాణదుర్గం లాంటి పేరే. కాకపోతే ఈ ఊరు సరిగ్గా 99 ఏళ్ళపాటు, 1821 నుంచి 1920 దాకా, కింగ్స్‌టౌన్ అనే పేరుతో బతికింది. ఆ సంగతి తర్వాత. ముందు అంతకన్నా పాత పేర్ల దగ్గరికి వెళ్ళాలి.

డబ్లిన్‌కే రెండు పేర్లు. లిఫీ నదిలో కలిసే ఒక చిన్న ఏటి దగ్గర నల్లటి మడుగు ఉండేది. ఐరిష్‌లో ‘డువ్ లిన్’ అంటే నల్లమడుగు. అదే డబ్లిన్ అయింది. ఐరిష్‌లో నగరాన్ని పిలిచే పేరు మాత్రం వేరు: ‘బల్యా ఆహా క్లీయా’, అంటే తడికలు పరిచిన రేవు దగ్గరి ఊరు. నది దాటడానికి బురదలో తడికలు పరిచేవారు కాబట్టి ఆ పేరు. ఇంగ్లిష్ పేరనుకునే ‘డబ్లిన్’ కూడా నిజానికి ఐరిష్ మాటే అన్నది గుర్తుంచుకోవాలి. దాన్ని లోకానికి మోసుకెళ్ళింది 841లో ఇక్కడ పడవలు కట్టేసిన వైకింగులు, అంటే స్కాండినేవియా నుంచి వచ్చిన సముద్రపు యోధులు.

వైకింగులు సముద్రం మీదినుంచి చూసి పేర్లు పెట్టారు. అందుకే వాళ్ళ పేర్లు లంకల మీద, కొండకొమ్ముల మీద, రాళ్ళ మీద ఉన్నాయి తప్ప లోపలి పొలాల మీద పెద్దగా లేవు. వాళ్ళ నార్స్ భాషలో సముద్రంలోని దీవిని ‘ఎయ్’ అంటారు. గోదావరి జిల్లాల్లో ఊరి పేరు చివర ‘లంక’ ఎలా తగులుతుందో, ఇక్కడ ఈ ‘ఎయ్’ అలా తగులుతుంది. డబ్లిన్‌కు ఉత్తరాన ఉన్న లాంబే అంటే గొర్రెపిల్లల లంక. ఇప్పుడు అక్కడ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వాలబీలు, అంటే చిన్న సైజు కంగారూల్లాంటివి, గెంతుతుంటాయి. 1980లలో డబ్లిన్ జూలో ఎక్కువైపోతే తెచ్చి వదిలారు. పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఇంకా పైకి పోతే స్కెరీస్ అనే ఊరు. ‘స్కెర్’ అంటే నీళ్ళలోంచి తల పైకెత్తిన రాయి. ఊరి ముందర ఆ రాళ్ళు, లంకలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

దక్షిణ తీరంలో డాకీ ఉంది. ఈ ఒక్క పేరు విప్పి చూస్తే తీరం మొత్తం ఎలా పేర్లు తెచ్చుకుందో తెలుస్తుంది. ఒడ్డుకు మూడు వందల మీటర్ల దూరంలో ఒక చిన్న లంక ఉంది. ఐరిష్ వాళ్ళు దాన్ని ‘డెల్గినిష్’ అన్నారు. డెల్గ్ అంటే ముల్లు, ఇనిష్ అంటే లంక. ముళ్ళలంక. వైకింగులకు మొదటి ముక్క తెలిసిన మాటలాగే వినిపించింది. ముల్లుకు, గుడ్డకు గుచ్చుకునే పిన్నుకు వాళ్ళ భాషలో దాదాపు అదే మాట ఉంది. అందుకని దాన్ని అలాగే ఉంచి, రెండో ముక్క తీసేసి, అక్కడ తమ ‘ఎయ్’ పెట్టారు. సగం విన్నారు, సగం అనువాదం చేశారు. తర్వాత ఆ పేరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి ఎదురుగా ఉన్న ఊరికి అతుక్కుంది. ఊరికి పేరు పోయాక లంకకు మళ్ళీ ఒక గుర్తు కావాలి కదా, దాన్ని ‘డాకీ ఐలండ్’ అన్నారు. అంటే ముళ్ళలంక లంక. ఇంగ్లిష్ స్పెల్లింగులో ‘ఎల్’ ఉంది, నోట్లో లేదు. డాల్కీ అన్నవాళ్ళు బయటివాళ్ళని ఇట్టే తెలిసిపోతుంది.

ఈ ఊరికి అంత పాత పేరు, అంత పాత కోటలు ఎందుకున్నాయంటే, మధ్యయుగాల్లో డబ్లిన్‌కు అసలు రేవు ఇదే. లిఫీ ముఖద్వారం అంతా ఇసుక మేట. లోతు చాలక పెద్ద పడవలు లోపలికి పోలేకపోయేవి. ద్రాక్షసారా, ఉప్పు, గుడ్డలు డాకీలో దించుకుని, బండ్ల మీదో చిన్న పడవల మీదో నగరానికి చేర్చేవారు. దించిన సరుకు దొంగల పాలు కాకుండా దాచుకోవడానికి కట్టినవే ఆ ‘కోటలు’. పేరుకు కోటలు, పనికి గోడౌన్లు. ఏడుండేవి, ఇప్పుడు రెండు మిగిలాయి. రెండూ మెయిన్ రోడ్డు మీదే ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలోంచి కార్లు పోతుంటాయి.

డాకీ లంకకు ఇంకో సరదా చరిత్ర కూడా ఉంది. 18వ శతాబ్దం చివర్లో డబ్లిన్ కుర్రకారు ఏటా పడవల మీద అక్కడికి పోయి తమలో ఒకణ్ణి ‘డాకీ రాజు’గా ఎన్నుకుని, ఉత్తుత్తి పట్టాభిషేకం చేసేవారు. బిరుదుల్లో పక్కనున్న మగ్లిన్స్ అనే బోడిరాళ్ళకు చక్రవర్తి అన్నది కూడా ఉండేది. రాజులను వెక్కిరించడం 1797 నాటికి బ్రిటిష్ సర్కారుకు నవ్వులాటగా అనిపించలేదు. తిరుగుబాటు వాసన కొడుతున్న రోజులవి, పండగ ఆగిపోయింది. నిజం రాజు పాతికేళ్ళ తర్వాత పక్క ఊరికి వచ్చి తన పేరే పెట్టించుకున్నాడు.

ఉత్తరపు కొమ్మున ఉన్న హోత్ కథ వేరు. ఒక కొండ సముద్రంలోకి తల దూర్చినట్టు ఉంటుంది. వైకింగులు చూసి ‘హోవుద్’, అంటే తల అన్నారు. అది అరిగి అరిగి హోత్ అయింది. ఇంగ్లిష్‌లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండను కూడా ‘హెడ్’ అంటారు కాబట్టి, మ్యాపుల మీద అది ‘హోత్ హెడ్’. తల తల. ఐరిష్ వాళ్ళు మాత్రం వీటితో ఏ సంబంధమూ లేకుండా తమ పాత పేరునే పట్టుకున్నారు: ‘బిన్ ఏడర్’, ఏడర్ కొండ. ఇప్పుడు బోర్డు మీద రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఒకటి ఇంకోదాని అనువాదం అనుకుంటారు చూసినవాళ్ళు. కానే కాదు, ఆ రెండు పేర్లకూ ముఖపరిచయం కూడా లేదు.

హోత్ ఎదురుగా ఉన్న చిన్న లంక పేరు ఇంగ్లిష్‌లో ‘ఐర్లండ్స్ ఐ’. ఐర్లండ్ కన్ను అని అర్థం చేసుకుని, తూర్పుకు చూసే కన్ను అంటూ కవిత్వం చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ కన్నూ లేదు, ఐర్లండూ లేదు. ఎరియా అనే ఆవిడ పేరు మీద ఆ లంక ఉండేది. వైకింగులు చివర తమ ‘ఎయ్’ తగిలించారు. తర్వాత వచ్చిన ఇంగ్లిష్ చెవికి ఎరియా కాస్తా ఏరిన్, అంటే ఐర్లండ్ అయింది. ఎయ్ కాస్తా ఐ అయింది. రెండు తప్పులు కలిస్తే ఇంత అందమైన పేరు. ఇలాంటి చోట తప్పును దిద్దాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

ఈ ఉత్తరపు జిల్లాను ఇప్పుడు ఫింగల్ అంటారు. ‘ఫినె గాల్’ అంటే పరాయివాళ్ళ గడ్డ. ఆ పరాయివాళ్ళు వైకింగులే. 1994లో పాత డబ్లిన్ కౌంటీని ముక్కలు చేసినప్పుడు ఐరిష్ ప్రభుత్వమే ఏరికోరి ఈ పేరును ఒక కౌంటీకి పెట్టింది. వెయ్యేళ్ళు గడిస్తే పరాయితనం కూడా సొంతమైపోతుంది కాబోలు.

12వ శతాబ్దం చివర్లో, అంతకుముందే ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు, వాళ్ళ వెంట ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు దిగారు. హోత్‌ను పట్టుకున్న సెయింట్ లారెన్స్ కుటుంబం ఆ కోటలో ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఉండి, మొన్న మొన్ననే అమ్ముకుంది. వీళ్ళు నేల మీద హక్కు కోసం వచ్చినవాళ్ళు. అందుకని వీళ్ళ పేర్లలో ‘టౌన్’ కనిపిస్తుంది. మంక్స్‌టౌన్ సన్యాసుల ఊరు. డబ్లిన్‌లోని సెయింట్ మేరీ మఠానికి ఇక్కడ పొలాలుండేవి. ఐరిష్ పేరుకు కూడా అదే అర్థం. ఇక ఐరిష్‌టౌన్ అనే పేటను చూడండి. ఐర్లండ్ రాజధానిలో ఐరిష్ వాళ్ళ పేట అని ప్రత్యేకంగా ఎందుకు ఉండాలి? 15వ శతాబ్దంలో కోటగోడ లోపల ఐరిష్ వాళ్ళు ఉండకూడదని ఇంగ్లిష్ పాలకులు తరిమితే, గోడ బయట సముద్రం వైపు వాళ్ళు వేసుకున్న గుడిసెల జాగా అది. అడిగేదాకా ఆ పేరులో ఉన్న అవమానం ఎవరికీ కనిపించదు.

దాని పక్కనే రింగ్స్‌ఎండ్. పడవలు కట్టే ఇనప రింగులు ఇక్కడితో ఆఖరు కాబట్టి ఆ పేరని ఒక కథ తిరుగుతుంటుంది. అసలు సంగతి, ఐరిష్‌లో ‘రిన్’ అంటే నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల. దానికి ఇంగ్లిష్ ‘ఎండ్’ చేరింది. 1649 ఆగస్టు 15న ఇంగ్లిష్ సేనాపతి క్రామ్‌వెల్ సైన్యంతో దిగింది ఈ రేవులోనే. అక్కడినుంచి మొదలైన నెత్తుటి చరిత్ర ఐర్లండ్‌లో ఈనాటికీ పచ్చిగానే ఉంది.

బూటర్స్‌టౌన్ దగ్గర ఆగకపోతే అన్యాయం. బూట్లతో సంబంధం లేదు. పాత కాగితాల్లో కొన్నిచోట్ల ‘బటర్స్‌టౌన్’ అని కూడా ఉంది, వెన్నతోనూ సంబంధం లేదు. ఐరిష్‌లో ‘బల్యా అన్ వోహర్’, అంటే బాట మీది ఊరు. ప్రాచీన కాలంలో రాజధాని తారా కొండ నుంచి నలుదిక్కులకూ పోయే అయిదు పెద్ద బాటలుండేవని పాత గ్రంథాలు చెప్తాయి. వాటిలో దక్షిణానికి పోయేది ఇటుగానే వెళ్ళేదంటారు. ‘బోహర్’ అనే మాటలోనే ‘బో’, అంటే ఆవు, ఉంది. మొదట్లో బాట అంటే పశువులు నడిచే దారే. పేరు మార్చిన గుమాస్తా ‘బల్యా’ అన్నదాన్ని టౌన్ అని సరిగ్గానే అనువదించాడు. వోహర్ అర్థం కాక, విన్నట్టు రాసి వదిలేశాడు. ఈ తీరంలో నూటికి యాభై పేర్ల జాతకం ఇంతే. 1834లో రైలు కట్ట వేసినప్పుడు ఆ కట్టకూ పాత బాటకూ మధ్య ఇరుక్కున్న సముద్రపు నీళ్ళు చిత్తడి అయ్యాయి. ఇప్పుడది పక్షుల నెలవు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి కొంగలను చూడొచ్చు.

ఉత్తరాన క్లాంటార్ఫ్ పేరు చరిత్ర పుస్తకాల్లో పెద్దక్షరాలతో ఉంటుంది. 1014 ఏప్రిల్ 23న, గుడ్ ఫ్రైడే నాడు, ఐరిష్ మహారాజు బ్రయన్ బోరు సైన్యం డబ్లిన్ వైకింగులనూ వాళ్ళతో కలిసిన లీన్‌స్టర్ ఐరిష్ వాళ్ళనూ ఇక్కడే ఓడించింది. బ్రయన్ మాత్రం చనిపోయాడు. ‘క్లూన్ టారవ్’ అంటే ఎద్దుల మైదానం. ఎద్దులు మేశాయని కొందరు, ముందున్న ఇసుక మేటల మీద అలలు విరిగేటప్పుడు ఎద్దు రంకెలా వినిపిస్తుందని ఇంకొందరు అంటారు. ఎలాగైతేనేం, ఆ ఇసుక మేటలను ఇంగ్లిష్‌లో ‘బుల్’ అన్నారు: ఉత్తరపు ఎద్దు, దక్షిణపు ఎద్దు.

తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. లిఫీ ముఖద్వారంలో ఇసుక మేట డబ్లిన్ రేవుకు శతాబ్దాల తలనొప్పి. 18వ శతాబ్దమంతా దక్షిణం వైపు సముద్రంలోకి ఒక పొడవాటి గోడ కట్టారు. సరిపోలేదు. 1800 ప్రాంతంలో బౌంటీ ఓడ తిరుగుబాటుతో పేరుమోసిన కెప్టెన్ విలియం బ్లై వచ్చి అఖాతాన్ని కొలిచి మ్యాపు గీశాడు. చివరికి 1820లలో ఉత్తరాన కూడా గోడ పూర్తి చేశారు. రెండు గోడల మధ్య ఆటు నీరు ఇరుకున పడి, వేగంగా పోతూ అడుగు ఇసుకను తనే తవ్వి బయటికి నెట్టింది. నెట్టిన ఇసుక ఎక్కడికో పోవాలి కదా. కొత్త గోడకు ఆనుకుని మేటగా పేరుకుంది, గడ్డి పట్టుకుంది, రెండు వందల ఏళ్ళలో అయిదు కిలోమీటర్ల పొడవున్న లంకగా నిలబడింది. దాని పేరు బుల్ ఐలండ్. 1981 నుంచి యునెస్కో జీవావరణ ప్రాంతం. పాత మ్యాపుల్లో వెతికితే దొరకదు, అప్పటికి పుట్టలేదు మరి. దీని ఐరిష్ పేరులో ఎద్దుకు ఐరిష్ మాట ‘టారవ్’ వాడలేదు, ఇంగ్లిష్ ‘బుల్’ను ఐరిష్‌లోకి తెచ్చుకుని ‘వులా’ అన్నారు. ఎద్దుల మైదానం పక్కనున్న ఎద్దు లంకకు, అప్పు తెచ్చుకున్న ఎద్దు.

ఇక రాజుగారి ఊరు. 1807 నవంబరులో ఒక మంచు తుఫాను రాత్రి, సైనికులతో బయల్దేరిన రోచ్‌డేల్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే రెండు ఓడలు ఈ తీరంలో రాళ్ళకు కొట్టుకుని ముక్కలయ్యాయి. సుమారు నాలుగు వందల మంది చనిపోయారు. తుఫాను వస్తే తలదాచుకోవడానికి డబ్లిన్ అఖాతంలో చోటే లేదన్నది అందరికీ తెలిసిందే, ఆ శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాక గానీ పని మొదలుకాలేదు. 1817లో డన్ లీరీ దగ్గర హార్బరుకు పునాదిరాయి పడింది. ఇంజినీరు జాన్ రెనీ. రాయి డాకీ కొండ నుంచి. కొండను తొలిచి, గ్రానైట్ బండలను ఇనప పట్టాల మీద బండ్లలో కిందికి దొర్లించేవారు. దిగే నిండు బండి బరువుకు, గొలుసుకు కట్టిన ఖాళీ బండి పైకి వచ్చేది. కూలీలు కొండ పక్కన గుడిసెలు వేసుకుని ఏళ్ళ తరబడి బతికారు. తూర్పు గోడ ఒక్కటే కిలోమీటరు పైగా ఉంటుంది. సాయంత్రమైతే ఊరంతా దాని మీదే నడుస్తుంది.

ఈ పని జరుగుతుండగానే, 1821లో, బ్రిటన్ రాజు నాలుగో జార్జ్ ఐర్లండ్ చూడ్డానికి బయల్దేరాడు. డన్ లీరీలో జనం ఆయన కోసం కాచుకుని ఉన్నారు. ఆయన ఆగస్టు 12న, తన పుట్టినరోజు నాడు, హోత్‌లో దిగాడు. బాగా తాగి ఉన్నాడని అప్పటివాళ్ళే రాసుకున్నారు. అడుగుపెట్టిన చోట పాదముద్రలు రాతిలో చెక్కించారు. హోత్ రేవు గోడ మీద అవి ఇంకా ఉన్నాయి, చిన్నచిన్న పాదాలు. సెప్టెంబరులో తిరుగు ప్రయాణం మాత్రం డన్ లీరీ నుంచి కట్టాడు. వెళ్ళిపోతూ ఓడెక్కినందుకు ఊరికి కింగ్స్‌టౌన్ అని పేరు పెట్టేశారు. నాలుగు రాతి బంతుల మీద నిలబెట్టి, నెత్తిన కిరీటం తగిలించిన ఒక స్తంభం కూడా లేపారు. రాజు దిగిన ఊరు హోత్, రాజు పేరు దక్కింది డన్ లీరీకి. కారణం తెలుసుకోవడం కష్టమేం కాదు. హోత్ రేవు ఇసుకతో పూడిపోతోంది, కొత్త హార్బరు మీద సర్కారు డబ్బు పోస్తోంది. కొన్నాళ్ళకు తపాలా ఓడలు కూడా హోత్ వదిలి ఇక్కడికి మారాయి. పేరు డబ్బు వెంట నడిచింది.

ఊరు శివారుగా మారింది మాత్రం రాజు వల్ల కాదు, రైలు వల్ల. 1834 డిసెంబరు 17న డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్‌కు ఐర్లండ్‌లో మొట్టమొదటి రైలు నడిచింది. దూరం సుమారు పది కిలోమీటర్లు. పట్నంలో ఉద్యోగం, సముద్రం ఒడ్డున ఇల్లు అన్న ఆలోచన అప్పుడు పుట్టింది. లాయర్లు, వ్యాపారులు, రిటైరైన సైనికాధికారులు వరసగా దిగారు. దారిలో తన తోటకూ సముద్రానికీ మధ్య రైలు పోతుందని లార్డ్ క్లాంకరీ అడ్డుపడితే, కంపెనీ నష్టపరిహారంతో పాటు ఆయనకు సొంత వంతెన, స్నానాలరేవు కూడా కట్టించి ఇచ్చింది. 1843లో కింగ్స్‌టౌన్ నుంచి డాకీ దాకా ఇంజిను లేని రైలు వేశారు. పట్టాల మధ్య గొట్టంలోంచి గాలి తోడేస్తే, ఆ ఊపుకు పెట్టెలు ముందుకు కదిలేవి. గాలి బయటికి పోకుండా గొట్టం మీద తోలు మూత ఉండేది. దాన్ని కాపాడుకోవడం పెద్ద టెన్షన్ అయిపోయింది. 1854లో ఆ రైలు ఆగింది.

రైలుతో పాటే కొత్తరకం పేర్లు పుట్టాయి. వీటికి చరిత్ర అక్కర్లేదు, అమ్ముడుపోతే చాలు. కిలైనీ అఖాతం వంపు తిరిగి నీలంగా ఉంటుంది, వెనక కొండలు. దాన్ని ఇటలీలోని నేపుల్స్ అఖాతంతో పోల్చారు. పోల్చి ఊరుకోకుండా రోడ్లకు సొరెంటో, వీకో అని పేర్లు పెట్టారు. ఎండ ఎక్కడినుంచి తెస్తారన్నది వేరే సంగతి. పేరు మాత్రం పనిచేసింది. ఈనాటికీ దేశంలో అత్యంత ఖరీదైన ఇళ్ళలో కొన్ని ఆ వరసల్లోనే ఉన్నాయి. అసలు కిలైనీ అన్న మాటకు ‘లేనీన్ కూతుళ్ళ గుడి’ అని అర్థం. ‘కిల్’ అంటే ఐరిష్‌లో చర్చి. ఇళ్ళ మధ్య ఒక సందులో పైకప్పు లేని ఆ పాత చర్చి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, వెతుక్కుంటూ వెళ్తే తప్ప కనిపించవు. కొండ మీద ఇంకో స్తంభం ఉంది. ఇది మాత్రం ఏ రాజు కోసమూ కట్టింది కాదు. 1740-41 చలికి పంటలు పోయి జనం ఆకలితో చచ్చిపోయారు. జాన్ మేపస్ అనే భూస్వామి పేదలకు పని చూపించడానికి కొండ చుట్టూ దారులు వేయించి, ఇది కట్టించాడు. పోయిన ఏడు పేదలకు గడ్డుగా గడిచిందన్న మాట, 1742 జూన్ అన్న తేదీ రాతి మీద ఉన్నాయి. కరువు పనుల గుర్తు అది. ఇప్పుడు అక్కడ సెల్ఫీలు దిగుతారు.

నగరానికి దగ్గర్లో ఉన్న శాండీమౌంట్ కూడా ఇలా పేరు మార్చుకున్నదే. ఒకప్పుడు అక్కడ ఇటుక బట్టీలు, ఊరి పేరు బ్రిక్‌ఫీల్డ్ టౌన్. ఇటుకల ఊళ్ళో ఎవరు కాపురం పెడతారు? ఇసుక దిబ్బ అని అర్థం వచ్చే ముద్దుపేరు తెచ్చుకున్నాక పెద్దమనుషులు చేరారు. కవి యేట్స్ 1865లో పుట్టింది ఇక్కడే. ఇదే పేటలో స్ట్రాండ్ రోడ్డు మీద జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు ఉండేవారు. 1904 జూన్‌లో తర్వాత నవలాకారుడిగా పేరుమోసిన జేమ్స్ జాయిస్, అప్పటికి కుర్రవాడు, కొన్ని రాత్రులు వాళ్ళింట్లో తలదాచుకున్నాడు. తెలుగువాళ్ళకు ఈ దంపతులు బొత్తిగా పరాయివాళ్ళు కారు. 1915లో అనీ బిసెంట్ పిలుపు మీద ఇండియా వచ్చి, తర్వాత మదనపల్లెలో థియోసాఫికల్ కాలేజీలో పనిచేశారు. 1919లో రవీంద్రుడు అక్కడికి వచ్చినప్పుడే ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి అనువదించాడు, మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది. శాండీమౌంట్ ఇసుక నుంచి మదనపల్లె ఎండకు వచ్చిన మనుషులు.

జాయిస్ 1904 సెప్టెంబరులో కొన్ని రోజులు ఉన్న శాండీకోవ్ టవరు ఇప్పుడు మ్యూజియం. నెపోలియన్ దండెత్తుతాడన్న భయంతో 1804-05లో తీరం పొడవునా కట్టిన గుండ్రటి బురుజుల్లో అదొకటి. వాటన్నిటినీ మార్టెల్లో టవర్లు అంటారు. 1794లో కోర్సికా దీవిలో మోర్టెల్లా అనే చోట ఒక చిన్న గుండ్రటి బురుజు బ్రిటిష్ యుద్ధనౌకలను ముప్పుతిప్పలు పెట్టింది. ఆ డిజైను కాపీ కొట్టారు, పేరు మాత్రం సరిగ్గా కాపీ కొట్టలేకపోయారు. అక్షరాలు తారుమారై మోర్టెల్లా కాస్తా మార్టెల్లో అయింది.

1824 నుంచి బ్రిటిష్ సర్కారు సర్వే వాళ్ళు ఐర్లండ్ అంతా గొలుసులేసి కొలిచారు. పన్నుల కోసం మొదలైన పని అది. పేర్ల బాధ్యత జాన్ ఓడొనొవన్ అనే పండితుడి మీద పడింది. ఆయన ఊరూరా తిరిగి ముసలివాళ్ళను అడిగి, పాత రాతప్రతులు తిరగేసి, ఒక్కో పేరుకు ఉన్న రూపాలన్నీ రాసుకుని, ఒకటి ఖాయం చేశాడు. ఐరిష్ పేర్లను సర్వే పాడుచేసిందన్న కోపం ఇప్పటికీ ఉంది. ఆ కోపంలో న్యాయముంది గానీ, డాకీ, హోత్, బూటర్స్‌టౌన్ లాంటివి ఆయన పుట్టకముందే శతాబ్దాలుగా అలా పలుకుబడిలో ఉన్నాయి. ఆయన రాసిపెట్టిన పుస్తకాలే లేకపోతే అసలు రూపాలు చాలావరకు చేతికందేవి కావు.

స్వాతంత్ర్య పోరాటం నడుస్తుండగా, 1920లో, కింగ్స్‌టౌన్ మునిసిపాలిటీ పాత పేరుకు తిరిగి వెళ్ళింది. 1821కి ముందు ఇంగ్లిష్‌లో తేలిగ్గా ‘డన్‌లియరీ’ అని రాసేవారు. అదే తెచ్చుకుని ఉంటే కొత్తవాళ్ళు ఇవాళ తడబడేవాళ్ళు కారు. కానీ వాళ్ళకు కావాల్సింది పలుకు ఒక్కటే కాదు, స్పెల్లింగు కూడా. అందుకే జి, హెచ్‌లతో సహా ఐరిష్‌లో రాశారు. ఐర్లండ్ రోడ్డు బోర్డుల మీద పైన వాలుగా ఐరిష్ పేరు, కింద పెద్దక్షరాల్లో ఇంగ్లిష్ పేరు ఉంటాయి. ఈ ఊరికి రెండూ ఒకటే. అదే ఏడాది దక్షిణాన కార్క్ దగ్గరి క్వీన్స్‌టౌన్ కూడా పేరు మార్చుకుంది. విక్టోరియా రాణి 1849లో వచ్చి వెళ్ళాక పెట్టిన పేరది. టైటానిక్ చివరిసారి ఆగిన రేవు కూడా అదే. దాని పాత పేరు ‘కోవ్’, అంటే చిన్న అఖాతం, శుద్ధ ఇంగ్లిష్ మాట. దాన్ని ఐరిష్ స్పెల్లింగులో చివర బి, హెచ్ పెట్టి రాశారు. ఐరిష్‌లో ఆ రెండూ కలిస్తే ‘వ్’. భాష మారలేదు, వేషం మారింది.

ఈ రెండు మార్పులూ నిలబడ్డాయి. ఎందుకంటే జనం నోట్లోంచి పాత పేరు పూర్తిగా పోలేదు. కింగ్స్‌టౌన్ రోజుల్లో కూడా పడమటి గోడ పక్కనున్న అసలు పల్లెను ఓల్డ్ డన్‌లియరీ అంటూనే ఉన్నారు. మచిలీపట్నం అని కాగితాల మీద ఎన్ని రాసినా బందరు బందరుగానే ఉండటం లాంటిదే ఇది. నోట్లో పుట్టని పేరు గతి ఏమిటో చూడాలంటే స్టేషన్లు చూడాలి. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటుకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 1966లో పదిహేను రైల్వే స్టేషన్లకు ఉరితీయబడ్డ, కాల్చి చంపబడ్డ నాయకుల పేర్లు పెట్టారు. డబ్లిన్‌లో కానలీ, పియర్స్ స్టేషన్ల పేర్లు బాగానే పట్టుకున్నాయి, పాత పేర్లు వట్టి వీధుల పేర్లే మరి. డన్ లీరీ స్టేషన్‌కు మైకేల్ మాలిన్ పేరు, బ్రే స్టేషన్‌కు ఎడ్వర్డ్ డేలీ పేరు తగిలించారు. ‘మాలిన్‌లో దిగుతాను’ అనేవాళ్ళు లేరు. ఊరి పేరుతో పోటీపడి త్యాగి పేరు కూడా గెలవలేకపోయింది.

ఊరు పేరు మార్చుకున్నా వీధుల జోలికి మాత్రం పెద్దగా పోలేదు. డన్ లీరీ మెయిన్ రోడ్డు ఇప్పటికీ జార్జ్ స్ట్రీటే. స్టేషన్ ముందుది క్వీన్స్ రోడ్డు. రాతి బంతుల మీది స్తంభం కిరీటంతో సహా అక్కడే ఉంది. వాటన్నిటి వెనక నుంచి, హార్బరు దగ్గర మొదలై డాకీ క్వారీ దాకా, ఒక కాలిబాట పోతుంది. గ్రానైట్ బండ్లు దొర్లిన ఇనప పట్టాల దారి అది. పట్టాలు పీకేసి చాలాకాలమైంది. సైకిళ్ళ మీద స్కూలు పిల్లలు, కుక్కలను తిప్పేవాళ్ళు పోతుంటారు. ఏ రాజూ, ఏ కౌన్సిలూ తీర్మానం చేయకుండానే ఆ దారికి కూలీల నాటి పేరు ఉండిపోయింది: ‘ద మెటల్స్’.